జగిత్యాలలో రెండు దినములు

రుద్రంగి వారు ఊళ్ళకు పోవుటకు కారణములు వేరువేరుగా నుండును. మ్రొక్కు చెల్లించుటకు వేములవాడ, బట్టకు సిరిసిల్ల, పసుపు అమ్ముటకు మెట్‌పల్లి. జగిత్యాలకు పోవువారు ఆసుపత్రికో, కచేరికో, పెండ్లికో పోవుదురు. ఊరిని చూచుటకై జగిత్యాలకు పోయినవానిని నలువది యేండ్లలో ఒక్కనిని గూడ నేనెరుగను. నేనును అట్లు పోయినవాడను కాను. అది మా తల్లి పుట్టినిల్లు. చిన్ననాటి వేసవి సెలవులన్నియు అక్కడనే గడపితిని. అయినను ఆ పట్టణమును చూచితినని చెప్పజాలను. అక్కడి మామిడిపండ్లను చూచితిని, అంతే.

పోయిన యేడు కార్తికమాసమున ఒక గురువారము రాత్రి మా మేనమామగారు ఫోను చేసిరి. "అల్లుడా, ఇల్లు అమ్ముటకు మాట నడచుచున్నది. కొనువారు ఆదివారము వత్తురు. మీ అమ్మ పుట్టిన యిల్లు. పిల్లలను తీసికొని ఒక్కసారి రా. వారు చూడవలెను," అనిరి. ఆ మాటలో విచారము వినబడలేదు. ఆయన కంఠ మెప్పుడును అట్లే యుండును. బియ్యపు ధర చెప్పినను, చావు కబురు చెప్పినను స్వర మొక్కటే.

శనివారము తెల్లవారకముందే మేము ముగ్గురము బస్సెక్కితిమి. మా అమ్మాయి ఎనిమిదవ తరగతి, అబ్బాయి ఆరవ తరగతి. కథలాపూరు మీదుగా కోరుట్ల చేరి అక్కడ బస్సు మారితిమి. దారి పొడుగున కోతకు వచ్చిన వరిపొలములును, నడుమ నడుమ ఆకులు పండబారిన పసుపు చేలును కనబడుచుండెను. "మనము జిల్లా దాటినామా?" అని అబ్బాయి మాటిమాటికి అడిగెను. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీకి ముందు ఈ ప్రశ్నకు తావు లేదు. రుద్రంగియు, జగిత్యాలయు కరీంనగరు జిల్లాలోనివే. ఆ దినమున క్రొత్త జిల్లాలు ఏర్పడగా మా గ్రామము రాజన్న సిరిసిల్ల జిల్లాలో మండల కేంద్రమయ్యెను. జగిత్యాల తానే ఒక జిల్లాకు ముఖ్యపట్టణమయ్యెను. సరిహద్దు కాగితము మీద పడెను గాని మేనమామల యిండ్లు ఎక్కడివక్కడనే యున్నవి.

బస్సు దిగి పాత పట్టణములోనికి నడచితిమి. ఆటోలో పోవచ్చును, కాని మామగారు ముందే చెప్పియుండిరి: "నడచి రండి. త్రోవలో ఏయే చోటు నేమని పిలుతురో పిల్లలతో వ్రాయించుకొని రండి." ఇది ఆయన చిరకాలపు పద్ధతి. పాఠశాలలో ఉపాధ్యాయుడుగా ముప్పది యేండ్లకు పైగా పనిచేసిన వారికి విశ్రాంతి దొరకినను చెప్పుట మాత్రము ఆగదు.

మా అమ్మాయి పుస్తకము తీసి వ్రాసెను: తహసీల్ చౌరస్తా, మంచినీళ్ళ బావి, టవర్ సర్కిల్, అంగడి బజారు, ఖిలాగడ్డ. ఈ అయిదు పేళ్ళును వరుసగా చదివి చూడుడు. ఒక పట్టణమునకు కావలసిన వన్నియు అందులోనే యున్నవి. శిస్తు కట్టుటకు తహసీలు, త్రాగుటకు మంచినీటి బావి, కాలము తెలిసికొనుటకు గడియారము, కొని యమ్ముటకు అంగడి, కాపాడుకొనుటకు ఖిలా. నేడు ఇంటింటికి నల్లా వచ్చినది. మంచినీళ్ళ బావి యన్నచో ఆటోవానికి నాలుగు త్రోవలు కలియు చోటు మాత్రమే. కాని ఒక నాడు ఊరి ఆడువారు బిందెలతో నడచిన దారులన్నియు అక్కడికే చేరియుండెను గావుననే ఆ పేరు ఇంకను చెరగలేదు. రాజులు పెట్టిన పేళ్ళకంటె నీళ్ళు మోసినవారు పెట్టిన పేళ్ళు గట్టివని నాకు తోచును.

గడియారపు గోపురము క్రింద కొంతసేపు నిలిచితిమి. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1911లో సింహాసన మెక్కెను. ఆయన పాలనకు ఇరువదియైదేండ్లు నిండిన రజతోత్సవమును 1937లో జరిపిరి. జగిత్యాల గోపురము ఆ ఉత్సవమునకు గురుతుగా కట్టినదే యని పెద్దలు చెప్పుదురు. అప్పుడు చేతికి గడియారము గలవాడు ఊరికొక్కడుండుట అరుదు. కచేరి పేషీకి పల్లెనుండి వచ్చిన రైతు ఈ గోపురము వైపు తలయెత్తి చూచి తన పిలుపు వేళ తప్పినదో లేదో తెలిసికొనెడివాడు. మా అబ్బాయి తన చేతి గడియారము చూచుకొని, "ఇప్పుడెవ్వరును పైకి చూచుటలేదు నాన్నా!" అనెను. నిజమే. చుట్టును దుకాణములు, తోపుడు బండ్లు, మోటారు సైకిళ్ళు. పైకి చూచినచో క్రింద కాలు తొక్కింపబడును.

మామగారి యిల్లు అంగడి బజారు దాటిన తరువాత ఒక సన్నని గల్లీలో నున్నది. బయటినుండి చూచువారికి అది గొప్పగా కనబడదు. వీధివైపు సాయబాను, దానికి నాలుగు టేకు మొగురములు, నడుమ దర్వాజ. ఆ దర్వాజ మాత్రము నిలువెత్తు మనిషి చేయి చాచినను పైకమ్మి అందనంత పొడవు. రెండు రెక్కలకును ఇనుప గుబ్బలు. లోనికి పోగా భవంతి. ఇంటి నడుమ ఆకాశము కనబడు చతురస్రపు వాకిలిని, దాని చుట్టును గల వసారాను మా వైపు భవంతి యందురు. వాన నేరుగా భవంతిలో పడును. ఒక మూలనున్న తూము గుండ వీధిలోనికి పోవును. గోడలు మూరకు పైగా మందము. మట్టితో పెట్టి పైన డంగు సున్నము పూసినవి. సున్నమును, ఇసుకను గానుగలో ఎద్దులచేత త్రొక్కించి నూరిన దానిని డంగు సున్న మందురు. వేసవి మధ్యాహ్నమున ఆ గదులలో పడుకొన్నవానికి బయట ఎండ యున్న సంగతియే తెలియదు. నాకు తెలియును, నేనట్లు పడుకొన్నవాడను.

కాని ఇల్లు ముదిసినది. ఈశాన్యపు గదిలో పెంకులు జారి దూలము తడిసి పుచ్చిపోయినది. వెనుక గోడ కడుపు ఉబ్బినట్లు బయటికి వచ్చినది. పైన గోడ సందులో ఒక రావిమొక్క. "ప్రతి యేడు పెరికివేయుదును. వేరు లోపల నున్నది. మరల వచ్చును," అనిరి మామగారు. డెబ్బది దాటిన వారు నిచ్చెన యెక్కి రావిమొక్క పెరుకుచున్నారని విని నాకు కోపము వచ్చెను. అత్తమ్మ సర్వపిండి పళ్ళెములు తెచ్చి నా ముందు పెట్టి, "నీవైనను చెప్పు బిడ్డా, నా మాట వినరు," అనెను.

మధ్యాహ్నము భోజనమైన పిదప మా అమ్మాయి భవంతి గచ్చు మీద ముగ్గు పిండితో చుక్కలు పెట్టి నక్షత్రపు ముగ్గు వేయుచుండెను. మామగారు కొంతసేపు చూచి, "మన ఖిలాను గూడ ఇట్లే వేసినారు బిడ్డా," అనిరి.

"కోటను నక్షత్రమువలె ఏల కట్టవలెను తాతా? అందమునకా?"

"అందమునకు కోటలు కట్టరు. ఆ పిండి ఇటు తే. మీ అత్తమ్మ నడిగి ఇంత దారము, ఒక చింతగింజ తే."

ఆయన గచ్చు మీద ఒక పొడుగు గీత గీచిరి. అది కోటగోడ. దానిమీద ఎడమెడముగా మూడు వలయములు వేసిరి. అవి గుండ్రని బురుజులు. గోలకొండ మొదలు మన పల్లెల గడీల వరకు పాత బురుజులు పెక్కు అట్టివే. "శత్రువు నడిమి బురుజు మీదికి వచ్చుచున్నాడు. వానిని కొట్టవలసినవారెవరు?" అని అడిగిరి.

"ఆ బురుజు మీద నున్నవారే," అని మా అబ్బాయి.

"దూరమున నున్నంతవరకు నీవన్నది సరియే. వాడు వచ్చి గోడ మొదట ఆనుకొని నిలిచినాడనుకో. పైవాడు వానిని కొట్టవలెనన్నచో తల బయటికి పెట్టి వంగవలెను. వంగినవాని తలను దూరమునుండి వేరొక శత్రువు తుపాకితో కొట్టును. కావున నడిమి బురుజును కాపాడవలసినవారు ఎడమ బురుజువారును, కుడి బురుజువారును. ఇప్పుడు దారము పట్టుము."

ఎడమ వలయమునుండి దారమును లాగి నడిమి వలయమును తాకించుచు ముందునకు పోనిచ్చిరి. ఆ దారమే తుపాకి గుండు పోవు దారి. కుడి వలయమునుండియు అట్లే మరియొక దారము. రెండు దారములును నడిమి వలయమునకు ముందు ఒకచోట కలిసికొనెను. ఆ రెండు దారములకును, వలయపు ముందు భాగమునకును నడుమ ఒక చిన్న మూల మిగిలినది. అందులో చింతగింజను ఉంచిరి.

"ఇది మనిషి. ఎడమవానికి కనబడడు, బురుజు పొట్ట అడ్డము. కుడివానికిని కనబడడు. పైవాడు వంగజాలడు. అక్కడ హాయిగా కూర్చుండి గోడకు కన్నము త్రవ్వును. మందు కూరి పేల్చును. ఎంత పెద్ద కోట యైనను ఆ మూలనుండియే పడును."

"వలయమును ఒక్కచోట తాకిపోవు గీతను స్పర్శరేఖ యందురు. పై తరగతి పుస్తకములో చూచితిని," అనెను మా అమ్మాయి.

"పేరు తెలిసినది. మరి ఆ మూలను ఏమి చేయుదువు?"

ఆమె ఆలోచించుచుండగా మా అబ్బాయి చింతగింజను తీసి పారవేసి, ఆ మూలను గుప్పెడు ముగ్గు పిండితో నింపివేసెను. "అక్కడ గూడ గోడ కట్టివేసిన సరి! నిలుచుటకు చోటే యుండదు."

ముగ్గువంక అందరమును చూచితిమి. గుండ్రని బురుజు కాస్తా సూదిమొనగల బురుజైనది. తక్కిన రెండింటిని గూడ అట్లే నింపగా నక్షత్రపు కొమ్ములు కనబడెను. ఇప్పుడు దారము లాగినచో ఆ కొమ్ము ప్రక్కనే చివరిదాక ఆనుకొని పోవుచున్నది. దాగుటకు గింజంత చోటు లేదు. మామగారు వాని వీపు తట్టి, "ఐరోపాలో దీనిని కనుగొనుటకు చాల కాలము పట్టినది. నీ కొక గుప్పెడు పిండి చాలినది," అనిరి. వాడు ఆ సాయంకాలమంతయు నేలమీద నడువలేదు.

ఆయన చెప్పినదానికి కొంత చేర్చవలసి యున్నది. 1453లో తురుష్కుల ఫిరంగులు కాన్‌స్టాంటినోపిలు నగరపు ఎత్తైన గోడలను బ్రద్దలు చేసెను. అంతవరకు కోటగోడ ఎంత యెత్తో అంత బలమని లోకము నమ్మియుండెను. ఫిరంగి వచ్చిన పిదప ఎత్తైన గోడ గొప్ప గురి యైనది, అంతే. పదునైదవ శతాబ్ది చివర ఇటలీ దేశపు శిల్పులు గోడను తగ్గించిరి, వెడల్పు పెంచిరి, వెనుక మన్ను దట్టించిరి, ముందు కందకము త్రవ్విరి, బురుజులకు మొనలు పెట్టిరి. 1593లో నిర్మింపబడిన పాల్మనోవా అను ఇటలీ పట్టణము పైనుండి చూచినచో అచ్చముగా ముగ్గే. ఫ్రాన్సు దేశమున వోబాన్ అను సేనా శిల్పి ఈ విద్యను మిక్కిలి పెంపొందించి 1707లో మరణించెను. మన దేశమున ఇట్టి కోటలు కొద్ది. కర్ణాటకమున సకలేశపురము దగ్గర టిప్పు సుల్తాను 1792లో పూర్తిచేయించిన మంజరాబాదు కోట అట్టిది. దానికంటె నలువది యేండ్లకు పైగా ముందే, 1747లో, జగిత్యాలలో నక్షత్రపు కోట లేచినది.

దీనిని కట్టించినవాడు ఇబ్రహీంఖాన్ ధంసా, బిరుదు జఫరుద్దౌలా. పని నడపినవారు ఫ్రెంచి ఇంజనీర్లని చెప్పుదురు. ఇక్కడ నాకొక సందేహము. బుస్సీ దొర ఫ్రెంచి సేనతో హైదరాబాదు వచ్చినది 1751లో. మొదటి నిజాము 1748లో మరణించెను. 1747 నాటికి ఫ్రెంచి ప్రభుత్వమునకు ఇక్కడ అధికార మేమియు లేదు. కావున ఆ ఇంజనీర్లు సేనతో వచ్చినవారు గాక, పుదుచ్చేరి వంటి చోటునుండి కూలి కొలువు వెదకికొనుచు వచ్చిన వ్యక్తులై యుందురని నా యూహ. మన ప్రాంతపు యువకులు నేడు దుబాయికి, మస్కటుకు పోయి మేడలు కట్టుచున్నట్లే, ఎక్కడివారో ఇక్కడికి వచ్చి మన సున్నముతో, మన ఇటుకతో తమ దేశపు కోటను కట్టి పోయిరి. వారికి జీతము సరిగా అందెనో లేదో!

ఆ రాత్రి భవంతిలో మంచములు వేసికొని పడుకొంటిమి. ఊరి పేరు ఎట్లు వచ్చినదని అబ్బాయి అడిగెను. జాక్, టాల్ అను ఇద్దరు ఫ్రెంచివారు కోటను కట్టిరనియు, వారి పేళ్ళు కలిసి జగిత్యాల అయినదనియు ఊరంతయు చెప్పుకొనును. వేరు కొందరు పన్నెండవ శతాబ్దిలో కొలనుపాక నేలిన పరమార జగ్గదేవుని పేరు ఇందులో దాగియున్న దందురు. మామగారు రెంటిని చెప్పి, ఏది నిజమో చెప్పక ఊరకుండిరి. అమ్మాయికి జగ్గదేవుడు నచ్చెను. అబ్బాయికి జాక్ నచ్చెను. నాకు మాత్రము రెండవది నమ్మదగినదిగా తోచును. ఈ నేల కోటకంటె చాల పాతది. పట్టణమునకు దగ్గరనున్న పొలాస యొకప్పుడు ఒక చిన్న రాజ్యమునకు తలమానికము. మేడరాజు నుండి పొలవాస దేశమును గైకొన్నట్లు కాకతీయ రుద్రదేవుడు 1163లో హనుమకొండ వేయిస్తంభముల గుడి శాసనమున చెక్కించెను. అట్టి చోట పదునెనిమిదవ శతాబ్ది వరకు పేరే లేక ఊరుండునా?

మామగారికి నిద్ర రాలేదు కాబోలు, తామై తాము మరల మొదలుపెట్టిరి. "1978 సెప్టెంబరు 7వ తేదీ. అప్పుడు నాకు నీ వయస్సు గూడ లేదు అల్లుడా. ఆ సాయబానులో నిలుచుండి చూచితిని. పల్లెలనుండి కూలివారు, జీతగాండ్రు వేలకొలదిగా ఎర్ర జెండాలు పట్టుకొని ఊరిలోనికి వచ్చిరి. వెట్టి చేయమనిరి, కూలి పెంచుమనిరి. అంతవరకు దొర యెదుట చెప్పులు చేత పట్టుకొని నడచినవారు అంగడిలో చెప్పులతో నడచిరి. మా నాయన దర్వాజ మూసివేయుమనిరి. మీ అమ్మమ్మ మూయనీయలేదు. కుండతో నీళ్ళు తెచ్చి అరుగు మీద పెట్టినది. ఎవరు త్రాగిరో లెక్క లేదు." దానిని జగిత్యాల జైత్రయాత్ర యందురు. తరువాత నెలలోనే ప్రభుత్వము జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించెను. చరిత్ర పుస్తకములలో ఇది కలదు. మా అమ్మమ్మ నీళ్ళ కుండ మాత్రము లేదు. ఆ మాట నేను నాడే మొదటిసారి వింటిని.

ఆదివారము ఉదయము ఖిలాకు పోయితిమి. అది పాత పట్టణమునకు ఉత్తరపు వైపున నున్నది. దగ్గరకు పోవు వరకు కోట యున్నట్లే తోచదు. గోలకొండవలె కొండమీద నిలిచి దూరమునుండి పిలువదు. ఇదియే దాని కౌశలము. గోడలో చాల భాగము కందకము మాటున నున్నది. రాతి పునాది మీద ఇటుకయు సున్నమును కలిపి కట్టిన వాలుగోడలు. కందకములో నీరు, నీటిమీద తుంగ, దానిలో తెల్లని కొంగలు. లోపలికి పోయి బురుజుల మీది కెక్కినచో ఫిరంగులు కనబడును. పిల్లలు ముందుగా వాని మీదనే చేయి వేసిరి. ఎండకు అప్పటికే ఇనుము వేడెక్కియుండెను.

మా అమ్మాయి నిన్నటి దారపు పరీక్షను నిజముగా చేయవలెనని పట్టుపట్టెను. తానును నేనును ఒక బురుజు మీద నిలిచితిమి. అబ్బాయి మామగారి చేయి పట్టుకొని వెలుపలికి పోయి, ప్రక్క బురుజు క్రింద కందకములో నీరు లేని ఒక మేరను చూచుకొని గోడ కానుకొని నిలిచెను. కనబడెను. కొంత జరిగెను. కనబడెను. కొమ్ము మొన దగ్గరకు పోయి శ్వాస బిగబట్టి నిలిచెను. అయినను చొక్కా అంచు కనబడెను. నాలుగుసార్లు దాగెను, నాలుగుసార్లును దొరకెను. అయిదవసారి మాత్రము ఎంత వెదకినను కనబడలేదు. మేము కేకవేయగా వాడు నవ్వుచు ఒక రావిచెట్టు చాటునుండి వెలువడెను. గోడ సందున మొలచి మనిషి తొడంత లావైన ఆ చెట్టు, సగము బురుజును తన వేళ్ళతో చుట్టి ఇటుకలను ఊడదీయుచున్నది. వోబాన్ లెక్కలో ఈ శత్రువు లేడు.

మామగారు ఆ చెట్టును చాలసేపు చూచిరి. ఏమియు అనలేదు. ఇంటికి పోవుదమనిరి.

మధ్యాహ్నము కొనువారు వచ్చిరి. ఒకే మనిషి. పట్టణములోనే దుకాణము గలవాడు, నలువది యేండ్లుండును. చెప్పులు వీధిలోనే విడిచి మామగారికి నమస్కరించి, "సారూ, నేను మీ దగ్గర ఏడవ తరగతి చదివినవాడను," అనెను. అతనిమీద కోపము తెచ్చుకొనవలెనని నేను నిన్నటినుండి సిద్ధపడియుంటిని. ఆ మాటతో అది కుదరక పోయెను. మామగారు గది గదియు చూపిరి. పుచ్చిన దూలమును, ఉబ్బిన గోడను గూడ దాచక చూపిరి. చివరకు అడిగిరి: "సాయబాను, దర్వాజ అట్లే యుంచి వెనుక కట్టుకొనుటకు వీలగునా?"

అతడు కొంచెము సేపు తల వంచుకొని, "అబద్ధము చెప్పను సారూ. వీధి ముఖమునకే నేను ధర పెట్టుచున్నాను. అక్కడ రెండు మడిగెలు దింపవలెను. సాయబాను ఉంచినచో నాకు గిట్టదు," అనెను. బయానా డబ్బు సంచిలో తెచ్చియుండెను. మామగారు దానిని నేడు పుచ్చుకొననని చెప్పి, కొడుకుతో మాటాడవలెననిరి. అతడు నొచ్చుకొనలేదు. చాయ త్రాగి పోయెను.

కొడుకు దుబాయిలో నున్నాడు. ఫోనులో అతని మాట మాకందరకును వినబడుచుండెను. "బాపూ, నాకు మాత్రము ఆ యిల్లు వద్దా? అక్కడనే గదా పుట్టినాను. ప్రతి వానకాలము పెంకులకని, గోడకని పంపుచున్నాను. పంపినదంతయు మట్టిలో కలియుచున్నది. మొన్న నీవు నిచ్చెన మీదినుండి జారితివట, అమ్మ చెప్పినది. నేను ఇక్కడినుండి ఎట్లు వచ్చి పట్టుకొందును?" మామగారు నిచ్చెన సంగతి మాతో చెప్పలేదు. ఆయన అత్తమ్మవంక చూచిరి. అత్తమ్మ తూము వైపు చూచుచుండెను. ఇద్దరిలో ఎవరిది తప్పని నన్నెవరైన అడిగినచో నేను చెప్పజాలను, ఎవరును అడుగలేదు.

మా బస్సుకు ఇంకను మూడు గంటల కాలమున్నది. మా అమ్మాయి దారపు ఉండను తెచ్చి, "తాతా, ఇంటిని కొలుతునా?" అనెను. మూరకొక ముడి వేసికొని అన్నయు చెల్లెలును గాక, అక్కయు తమ్ముడును బయలుదేరిరి. ఒక కొన వాడు పట్టుకొనెను. ముడులు ఆమె లెక్కించెను. సాయబాను, దర్వాజ, భవంతి, వంటిల్లు, ఈశాన్యపు గది. గోడ మందమును గూడ దర్వాజ దగ్గర కొలిచిరి. పటము పుస్తకము రెండు పుటల మీద సాగెను. మామగారు మొదట మంచము మీదనే కూర్చుండి చూచుచుండిరి. తరువాత లేచి వచ్చి దిద్ద నారంభించిరి. "ఇక్కడ ఇసుర్రాయి ఉండెడిది, వ్రాయుము. ఇక్కడ గింజల గుమ్మి. ఈ గూటిలో దీపము. ఈ మూలనే మీ నాయనమ్మ పుట్టినది. ఈ మొగురము మీద గీతలు చూడుము, అవి మీ నాయన ఎత్తు. ఏ వేసవిలో ఎంత పెరిగెనో మా అమ్మ గీయించినది." నేను పోయి చూచితిని. ఆరు గీతలు కలవు. ఏడవ వేసవిలో నేనెందుకు రాలేదో నాకు జ్ఞప్తికి రాలేదు.

రాత్రికి రుద్రంగి చేరితిమి. దారపు ఉండ ముడులతోనే మా అమ్మాయి సంచిలో నుండిపోయెను.

పుష్యమాసమున ఇల్లు అమ్ముడుపోయెను. మామగారును అత్తమ్మయు తహసీల్ చౌరస్తాకు అవతల ఒక చిన్న అద్దె యింటిలో దిగిరి. అక్కడ నిచ్చెన అవసరము లేదు. మాఘమాసమున ఒక తెల్లవారుజామున మా వాకిట ట్రాక్టరు ఆగెను. కొన్నవాడు చెప్పిన మాట ప్రకారము దర్వాజను కమ్ములతో సహా పంపియుండెను. దానితో పాటు, ఎవరును అడుగకయే, ఆరు గీతలు గల ఆ టేకు మొగురమును గూడ. దింపుటకు ఆరుగురు మనుష్యులు కావలసివచ్చిరి. మా అమ్మాయి పుస్తకము తెరచి కొలత చూచి, మా యింటి ముందుగోడకు మూరన్నర ఎత్తు చాలదని చెప్పెను. మేస్త్రీ వచ్చి దారము వేసి కొలిచి, ఆమె లెక్కయే సరి యనెను. గోడ పని ఇంకను సాగుచున్నది.